మీరు అడిగారు: ఈసారి అంతా కాల్షియం గోల

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ ముందేసుకుని కూర్చుంటే చాలావరకు ఒకే మాట చుట్టూ తిరుగుతున్నాయి, కాల్షియం. బీపీ గోలీ గురించి అడిగినామెకూ, పాము కాటు గురించి అడిగినాయనకూ, డిగ్రీ చదివే అమ్మాయికీ తాము ముగ్గురూ ఒకే సంగతి అడుగుతున్నామని తెలియదు. అందుకే గురక, పిల్లల నత్తి, ఇంకా జవాబు కోసం నేనే పుస్తకాలు తిరగేయాల్సిన మరో రెండు ప్రశ్నలు వచ్చే నెలకు నెట్టేసి ఈ ఐదూ ఒకచోట వేస్తున్నాను. వీలైతే వరసగా చదవండి, రెండో జవాబులో చెప్పింది కింద మళ్లీ చెప్పను.

ప్రశ్న: మా ఆయన రైల్వేలో రిటైరయ్యారు, బీపీకి రోజూ అమ్లోడిపిన్ వేసుకుంటారు. మొన్న మా అబ్బాయి ఫోన్లో చూసి అది "కాల్షియం ఛానల్ బ్లాకర్" అన్నాడు. నాకేమో మోకాళ్ల నొప్పులకు కాల్షియం గోలీలు రాశారు. ఒకే ఇంట్లో ఒకరికి కాల్షియం ఇవ్వడం, ఇంకొకరికి ఆపడం ఏమిటి? ఆయన నరాలు మందగిస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది. (గృహిణి, కాజీపేట)

జవాబు: అమ్మా, ఆ గోలీ మీ ఆయన ఒంట్లో కాల్షియాన్ని తగ్గించదు. రక్తపరీక్ష చేయించినా కాల్షియం ఎప్పటిలాగే ఉంటుంది. పేరు చూసి అందరూ తికమక పడేదే ఇది. అది ఆపేది కాల్షియాన్ని కాదు, కణం గోడలో కాల్షియం లోపలికి దూరే సన్నటి సందును. ఆ సందు ఒక ప్రోటీన్, దాన్నే ఛానల్ అంటారు.

ఈ సందులు ఒక్క రకం కావు. ఎల్, ఎన్, పి/క్యు, ఆర్, టి అని అక్షరాలతో పిలుస్తారు (పేర్లు పెట్టినవాళ్లకు ఓపిక అయిపోయినట్టుంది). రక్తనాళాల గోడల్లో ఉండే కండరంలోనూ గుండెలోనూ ముఖ్యంగా పనిచేసేది ఎల్ రకం. నరం చివర నుంచి కండరానికో పక్క నరానికో కబురు వెళ్లాలంటే తెరుచుకోవలసినవి ఎక్కువగా ఎన్, పి/క్యు రకాలు. అమ్లోడిపిన్ వెళ్లి పట్టుకునేది ఎల్ రకాన్ని. రక్తనాళం గోడలోకి కాల్షియం తక్కువ వస్తే అది బిగుసుకోకుండా వదులవుతుంది, నాళం వెడల్పవుతుంది, బీపీ దిగుతుంది. నరాల కబుర్లు వాటి దారిన అవి పోతూనే ఉంటాయి. బీరువా తాళంచెవితో స్కూటర్ స్టార్ట్ కాదు కదా.

ఆయనకు చీలమండల దగ్గర వాపు వస్తుంటే మాత్రం డాక్టరుకు చెప్పండి. ఈ గోలీతో అది చాలామందికి వస్తుంది, సన్న నాళాలు వెడల్పై నీరు బయటికి ఊరడం వల్ల. అంతమాత్రాన కిడ్నీ పోయిందని హడావుడి పడొద్దు, అలాగని మీ అంతట మీరు గోలీ మానేయించొద్దు కూడా, బీపీ మళ్లీ ఎక్కి కూర్చుంటుంది.

ఇక మీ గోలీ సంగతి. డాక్టరు రాసిన మోతాదులో ఒకే మనిషి రెండూ వేసుకున్నా మామూలుగా గొడవ ఉండదు. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనూ పళ్లలోనూ ఉంటుంది, రక్తంలో తిరిగేది చిటికెడు. ఆ చిటికెడు తగ్గుతోందనగానే మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల దగ్గర అప్పు తెచ్చి నింపేస్తాయి. కాబట్టి గోలీ వేసుకుంటే లాభం ఎముకకే, నరానికి దాని వాటా ఎలాగూ అందుతూనే ఉంది. నిజంగా రక్తంలో కాల్షియం పడిపోతే, ఉదాహరణకు థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత కొందరికి, నరాలు మందగించవు, దానికి బదులు అతిగా రేగిపోతాయి, వేళ్లు కొంకర్లు పోతాయి. మోకాలి నొప్పి కాల్షియంతో తగ్గుతుందని మాత్రం నేను ఆశ పెట్టను, అక్కడ సాధారణంగా అరిగేది ఎముక మీది మెత్తటి పొర. థైరాయిడ్ గోలీ కూడా వాడుతుంటే దానికీ కాల్షియం గోలీకీ మధ్య 4 గంటలు ఎడం పెట్టండి.

ప్రశ్న: సార్, బీఎస్సీ రెండో సంవత్సరం, జువాలజీ. నరం చివరికి కరెంటు వస్తుంది, కాల్షియం లోపలికి వస్తుంది, సంచులు పగిలి రసాయనం బయటికి పోతుంది, కండరం కదులుతుంది. పరీక్షకు ఇంత చాలు. నా డౌట్ వేరు. ఆ ఛానల్ కూడా ప్రోటీనే కదా, ప్రోటీన్లు పాతబడి పోయి కొత్తవి వస్తుంటాయి కదా. మా తాత కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు, యాభై ఏళ్లుగా మగ్గం మీద అదే చెయ్యి, అదే దెబ్బ. ఛానళ్లు మారిపోతుంటే దెబ్బ ఎందుకు మారట్లేదు? క్లాసులో అడిగితే సిలబస్‌లో లేదన్నారు. (విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: సిలబస్‌లో లేకపోవడం మీ సార్ తప్పు కాదు బిడ్డా, నువ్వు అడిగినదాంట్లో చాలా భాగం గత ముప్పై ఏళ్లలో తేలిందే, ఇంకా తేలుతూనే ఉంది. కొంచెం పొడుగ్గా చెప్తాను.

పాకాల చెరువు నిండినప్పుడు చూశావా? కట్టకు ఒక పక్క మత్తడి దూకేంత నీళ్లు. ఇంకో పక్క ఎండి నెర్రెలిచ్చిన మడి ఉందనుకో, మధ్యలో తూము. నరం చివర సరిగ్గా ఇలాగే ఉంటుంది. బయట కాల్షియం లోపలికన్నా సుమారు 10,000 రెట్లు ఎక్కువ. షట్టర్ లేస్తే చాలు, ఎవరూ తోయక్కర్లేకుండా లోపలికి దూకుతుంది. షట్టర్ లేపే నీరటి ఎవరంటే నరం వెంట వచ్చే కరెంటు. లేపడం, దించడం అంతా ఒక మిల్లీసెకండు అటూఇటుగా అయిపోతుంది. ఆ కాస్తలో వచ్చిన కాల్షియం తూముకు ఆనుకుని సిద్ధంగా ఉన్న సంచుల దగ్గర సైనాప్టోటాగ్మిన్ అనే ప్రోటీన్‌ను తాకుతుంది, సంచి నరం గోడలో కలిసిపోయి నోరు తెరుస్తుంది, రసాయనం బయటపడుతుంది. (సంచులు పగలవు, గోడతో కలిసి తెరుచుకుంటాయి. పరీక్షలో పగులుతాయని రాయకు.) ఆ తర్వాత వచ్చిన కాల్షియాన్ని మళ్లీ బయటికి తోడాలి, లేకపోతే తర్వాతి కబురుకు మడి ఎండి ఉండదు. తోడే పంపు మన దేవాదుల ఎత్తిపోతల లాంటిది, పల్లం నుంచి మెరకకు ఎక్కించాలంటే కరెంటు బిల్లు తప్పదు. ఇక్కడ బిల్లు కట్టేది ఏటీపీ, అంటే కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు. 1929లో ఆ ఏటీపీని కండరంలో గుర్తించినవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు, ఇది మీ పుస్తకంలో ఉందో లేదో చూడు, లేకపోతే మార్జిన్‌లో రాసుకో.

ఇంతవరకు చెరువు పోలిక బాగానే నడుస్తుంది. నీ ప్రశ్న అసలు బరువు తెలియాలంటే పోలిక ఆగిపోయే చోటికి రావాలి. చెరువులో పది తూముల్లో రెండు పూడుకుపోతే పొలానికి పదింట రెండు వంతుల నీళ్లు తగ్గుతాయి, అంతే. నరం చివర లెక్క అలా ఉండదు. 1967లో లండన్‌లో డాడ్జ్, రహమిమాఫ్ అనే ఇద్దరు కప్ప కండరం మీద కొలిచి చూస్తే, కాల్షియం తక్కువగా ఉన్న స్థాయిల్లో, బయటపడే రసాయనం కాల్షియానికి దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతోందని తేలింది. నువ్వే క్యాలిక్యులేటర్ తీసి చూడు. కాల్షియం రెట్టింపైతే రసాయనం 16 రెట్లు. 20 శాతం పెరిగితే రెట్టింపు. 20 శాతం తగ్గితే మిగిలేది నూటికి 41. అంటే పదిలో రెండు తూములు పూడితే పంటలో సగానికన్నా ఎక్కువ పోయినట్టు! ఇంత సున్నితమైన చోట ఛానళ్ల లెక్క కొంచెం అటూఇటైనా మీ తాత చెయ్యి ఒకరోజు మగ్గాన్ని విరగ్గొట్టాలి, ఇంకోరోజు దారాన్ని కదిలించలేకపోవాలి. అలా జరగట్లేదంటే ఎవరో లెక్క చూస్తున్నారన్నమాట.

ఎవరు చూస్తున్నారో తెలిసింది ఎక్కువగా ఈగల వల్ల. అరటిపండ్ల మీద మూగే చిన్న ఈగలు ఉంటాయి చూడు, వాటి పిల్లపురుగుల మీద. వాటి నరానికీ కండరానికీ మధ్య నడిచే రసాయనం గ్లూటమేట్, మనలో అయితే అసిటైల్‌కోలిన్. తేనెటీగలను వేటాడే ఒక కందిరీగ విషంలో ఫిలాంతోటాక్సిన్ అని ఒక పదార్థం ఉంది, అది ఈగ కండరం మీద గ్లూటమేట్‌ను అందుకునే రిసెప్టర్లను మూసేస్తుంది. 2006లో అమెరికాలో గ్రేమ్ డేవిస్ బృందం ఈ పదార్థాన్ని వేసి చూసింది. కండరానికి కబురు సగం సగమే వినిపించడం మొదలైంది, అది ఊహించిందే. పది నిమిషాల్లో మళ్లీ మొదటంత గట్టిగా వినిపించింది! కండరం రిసెప్టర్లు బాగుపడలేదు, అవి ఇంకా మూసే ఉన్నాయి. నరమే అటునుంచి ఎక్కువ సంచులు వదలడం మొదలుపెట్టింది. ఆయకట్టు చివరి మడి రైతు నీళ్లు రావట్లేదని కేక పెడితే నీరటి పోయి షట్టర్ ఇంకో జానెడు లేపినట్టు. కబురు ఎప్పుడూ నరం నుంచి కండరానికే పోతుందని పుస్తకం చెప్తుంది కదా, ఇక్కడ కండరం నుంచి నరానికి ఎదురు కబురు పోతోంది.

మరి ఆ షట్టర్ ఏది? ఈగల్లో ఈ పని చేసే కాల్షియం ఛానల్ పేరు కాకోఫోనీ. గోలగోల, అపస్వరం అని అర్థం. ఆ జీన్ చెడిన మగ ఈగ ఆడ ఈగ ముందు రెక్కలతో పాడే పాట తేడాగా వస్తుందని ఆ పేరు పెట్టారు, తర్వాత ఎప్పుడో గాని అది కాల్షియం ఛానల్ అని తెలియలేదు. ఈ ఛానల్‌లో లోపం ఉన్న కొన్ని ఈగలకు పైన చెప్పిన పది నిమిషాల సర్దుబాటు చేతకాలేదు. తర్వాతి కొలతల్లో సర్దుబాటు జరిగేటప్పుడు నరం చివరికి వచ్చే కాల్షియం నిజంగానే పెరుగుతోందని కూడా చూశారు. రోజువారీ కబురు నడిపేదీ, కబురు తగ్గితే సరిచేసేదీ అదే తూము.

ఇప్పుడు నీ అసలు డౌట్‌కు. ఛానళ్లు కణం నడుమ భాగంలో తయారై నరం పొడుగునా ప్రయాణం చేసి చివరికి చేరాలి, మీ తాత విషయంలో మెడ దగ్గరి వెన్నుపాము నుంచి చేతివేళ్ల దాకా అన్నమాట. 2022లో ఎంఐటీలో ట్రాయ్ లిటిల్టన్ బృందం ఈగల్లో ఈ రాకపోకలనే చూసింది. కొత్త ఛానళ్ల తయారీ పెంచినా నరం కొసల్లో వాటి లెక్క పెద్దగా పెరగట్లేదు, తయారీ తగ్గిస్తే ఆ కొసలు పాతవాటిని తీసేయడాన్ని నెమ్మది చేసి ఉన్నవాటినే అట్టిపెట్టుకుంటున్నాయి. బస్సు డిపో సంగతి తెలుసు కదా, కొత్త బస్సులు రాని ఏడాది పాతవాటిని తుక్కుకు పంపరు, అవే ఇంకో ఏడాది నర్సంపేట రూట్లో తిరుగుతాయి. బస్సు మారుతుంది, ట్రిప్పుల సంఖ్య మారదు. ఈ ఛానళ్లను చివరిదాకా చేర్చడానికి ఆల్ఫా2డెల్టా అని ఒక తోడు ప్రోటీన్ కావాలి, దాని పేరు గుర్తుపెట్టుకో, నాలుగో ప్రశ్నలో మళ్లీ వస్తుంది.

ఈగలో చూసింది మనిషికి అచ్చంగా అతికించకూడదు, అది నేనూ ఒప్పుకుంటాను. అయితే మనలో ఈ పని చేసే పి/క్యు ఛానల్ కూడా లెక్క తప్పితే ఊరుకోదు. దాని జీన్‌లో వచ్చే మార్పుల గురించి 1996లో బయటపడింది. ఒక రకం మార్పుతో ఛానల్ పని తగ్గి, మనిషికి ఉన్నట్టుండి నడక తూలే జబ్బు వస్తుంది. ఇంకో రకం మార్పుతో ఛానల్ మరీ సులువుగా తెరుచుకుని, ఒక పక్క చెయ్యీ కాలూ కాసేపు పడిపోయేంత మైగ్రేన్ వస్తుంది. ఒకటే జీన్, తక్కువైతే ఒక బాధ, ఎక్కువైతే ఒక బాధ. చిత్రం ఏమిటంటే వీళ్లలో చాలామంది ఒక దాడికీ ఇంకో దాడికీ మధ్య బాగానే తిరుగుతుంటారు. పుట్టుకతోనే తూము తేడాగా ఉన్నా నరం దానికి తగ్గట్టు ఏదో సర్దుకుంటూ వస్తుంది, ఒత్తిడి పడిన రోజు ఆ సర్దుబాటు చాలదు. ఇది నా ఊహ అనుకో, అయినా నాకు నమ్మబుద్ధేస్తుంది.

మీ తాత దెబ్బలో తేడా అసలు లేదని కూడా అనుకోకు. వయసుతో వెన్నుపాములోని నరకణాలు కొన్ని రాలిపోతాయి, మిగిలినవి పక్క కండరపు పోగులను దత్తత తీసుకుంటాయి. ఈసారి పోయినప్పుడు ఆయన్నే అడిగి చూడు, ఇప్పుడు ఎన్ని గంటలకు చెయ్యి లాగుతుందో.

ప్రశ్న: పోయిన వానాకాలం మా తమ్ముణ్ని రాత్రి నేల మీద పడుకున్నప్పుడు కట్లపాము కరిచింది. కరిచినట్టే తెలియలేదు, తెల్లారి కడుపునొప్పి అన్నాడు, తర్వాత రెప్పలు వాలాయి, మాట ముద్దయింది. ఎనిమిది రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. అదే వార్డులో నాగుపాము కరిచినాయన రెండు రోజులకే లేచి పోయాడు. మా వాడికి మందు సరిగా ఇవ్వలేదా? (రైతు, నర్సంపేట)

జవాబు: ఆ ఒక్క తేడా చూసి అలా అనుకోవద్దు అన్నా. ఇద్దరికీ రెప్పలు వాలినా, ఊపిరి ఆగినా, దెబ్బ తగిలిన చోటు ఒకటి కాదు. నాగుపాము విషంలో ముఖ్యమైనది పోయి కండరం వైపు రిసెప్టర్ల మీద కూర్చుంటుంది. పైన చెప్పిన పోలికలో చెప్పాలంటే చెరువూ తూమూ బాగానే ఉన్నాయి, మడి గట్టుకు ఎవడో అడ్డం పడుకున్నాడు. యాంటీవీనమ్‌తోనూ నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్‌తోనూ వాణ్ని లేపి పంపడం చాలాసార్లు కుదురుతుంది.

కట్లపాము విషంలో రిసెప్టర్లను మూసేవి కూడా ఉంటాయి, అసలు దొంగ వేరే. అది నరం చివరినే కొరుకుతుంది. అందులోని ఎంజైమ్ నరం గోడలోని కొవ్వు పొరను తినేస్తుంది, ఆ ఎంజైమ్ పనిచేయడానికి కూడా కాల్షియమే కావాలి. మిల్లీసెకండు తెరిచి మూయాల్సిన చోట ఇప్పుడు కట్టకే గండి పడుతుంది, కాల్షియం అదుపు లేకుండా లోపలికి వస్తుంది, ఉన్న సంచులన్నీ ఖాళీ అయిపోతాయి, నరం చివర పాడైపోతుంది. నరం సర్దుకుంటుందని పైన అంత గొప్పగా చెప్పాను కదా, సర్దుకోవడానికి నరం చివర అంటూ మిగలాలి. రక్తంలో తిరిగే విషాన్ని యాంటీవీనమ్ పట్టుకుంటుంది, పోయిన నరం కొసలను మాత్రం అది తిరిగి మొలిపించలేదు. అవి మొలిచేదాకా ఊపిరి మెషీన్ పీల్చాలి, దానికే ఆ ఎనిమిది రోజులు. మీ తమ్ముడు లేచి నడిచాడంటే కొసలు మళ్లీ వచ్చాయి.

కట్లపాము రాత్రిపూట, నిద్రలో, ఎక్కువగా నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, వాపూ మంటా పెద్దగా ఉండవు. వానాకాలంలో మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి. తెల్లారి ఎవరికైనా కారణం లేని కడుపునొప్పితో పాటు రెప్పలు బరువెక్కితే మంత్రం, పసరు, తాడు కట్టడం, బ్లేడుతో కోయడం ఏదీ వద్దు, కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేయండి. మన దగ్గర ఇచ్చే యాంటీవీనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి తయారుచేసిందే, కాబట్టి పామును వెతికి చంపి ఆసుపత్రికి తేవాల్సిన పని లేదు.

ప్రశ్న: షుగర్ వల్ల అరికాళ్ల మంటలు. డాక్టరు ప్రీగాబాలిన్ రాశారు. బస్టాండ్ దగ్గర గోడ మీద "నరాల బలహీనతకు గ్యారంటీ మందు" అని నంబర్ ఉంది. ఏది వాడాలి? (పరకాల)

జవాబు: గోడను గోడకే వదిలేయండి. ఆ రాతల్లో "నరాల బలహీనత" అంటే ఏమిటో రాసినవాడికీ తెలుసు, చదివినవాడికీ తెలుసు, మీ అరికాలి మంటకూ దానికీ సంబంధం లేదు.

మీది నరం బలహీనం కావడం ఒక్కటే కాదు, దెబ్బతిన్న నరం ఊరికే అరవడం కూడా. ప్రీగాబాలిన్ పోయి పట్టుకునేది పైన అమ్మాయికి చెప్పిన ఆల్ఫా2డెల్టానే. ఆ తోడు ప్రోటీన్‌ను పట్టుకుంటే నొప్పి నరాల చివరికి చేరే కాల్షియం ఛానళ్లు తగ్గుతాయి, రసాయనం తక్కువ వదులుతాయి, అరుపు తగ్గుతుంది. ఇందులో నవ్వొచ్చే విషయం ఒకటుంది, దీనికి అన్నలాంటి గాబాపెంటిన్‌ను గాబా అనే వేరే రసాయనాన్ని చూసి అచ్చుగుద్దినట్టు తయారుచేశారు. అది గాబా రిసెప్టర్లను ముట్టుకోనే లేదు, ఎవరూ అనుకోని చోట పనిచేసింది.

మత్తూ తూలూ ఉంటాయి, మొదటి వారం బండి నడపొద్దు. ఒక్కసారిగా మానొద్దు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా దించాలి. ఇంకొకటి, మొహమాటం లేకుండా చెప్తాను, సాయంత్రం కల్లుతో కలపొద్దు. కల్తీ కల్లులో నిద్రమత్తు మందులు కలుపుతున్నారని మన జిల్లాల్లో అందరికీ తెలిసిందే, రెండూ కలిస్తే ఊపిరి మందగించవచ్చు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడుతుంటే బి12 పరీక్ష చేయించమని అడగండి, అది తగ్గినా కాళ్లు ఇలాగే తిమ్మిరెక్కుతాయి.

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు, పత్తి ఏరే కూలికి పోతుంది. పొద్దున బాగానే ఉంటుంది, సాయంత్రానికి రెప్పలు వాలి, అన్నం నమలలేకపోతోంది. ఏడాది తిరిగాక మయస్తీనియా అన్నారు, పిరిడోస్టిగ్మిన్ రాశారు. ఏడాది పాటు ఎవరికీ ఎందుకు తెలియలేదు? పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఏమిటి? పనికి పంపొచ్చా? (మహబూబాబాద్ జిల్లా)

జవాబు: మీ అమ్మ ఒంటిలోని రక్షణ వ్యవస్థ పొరపాటున తన కండరం మీది రిసెప్టర్లనే శత్రువులనుకుని పాడుచేస్తోంది. ఈ జబ్బులో ఎక్కువమందికి జరిగేది ఇదే. నరం బాగుంది, వినే చెవులు తగ్గాయి.

ఎందుకు తెలియలేదంటే, ఆమె నరాలు చాలాకాలం దాన్ని కప్పిపుచ్చి ఉంటాయి. ఈ జబ్బు ఉన్నవాళ్ల దగ్గర తీసిన చిన్న కండరం ముక్కల మీద కొలిస్తే, నరం ఒక్కో కబురుకు మామూలు మనుషుల్లో కన్నా ఎక్కువ సంచులు వదులుతున్నట్టు తేలింది. ఎలుకలకు పాము విషంలోని రిసెప్టర్ మూసే పదార్థాన్ని కొంచెం కొంచెంగా రోజుల తరబడి ఇచ్చినా ఇదే కనిపించింది. ఈగలో పది నిమిషాల్లో జరిగిన సర్దుబాటుకు మనిషిలో ఉన్న చుట్టం ఇది. దానికి తోడు ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కండరం కదలడానికి కావలసినదానికన్నా ఎక్కువే రసాయనం వస్తుంది, కొంత మిగులు ఎప్పుడూ ఉంటుంది. మిగులు తిన్నంత కాలం, నరం అప్పు చేసి సంసారం లాగినంత కాలం, బయటికి ఏమీ కనిపించదు. అందుకే డాక్టర్లను తిట్టుకోవద్దు, మొదట్లో ఇది పట్టుకోవడం కష్టం.

సాయంత్రం సంగతి కూడా దీని వెనకే ఉంది. ఎవరిలోనైనా నరం వెంట వెంట కబురు పంపుతుంటే సిద్ధంగా ఉన్న సంచులు తగ్గి ఒక్కో కబురుకు వదిలేది కొంచెం కొంచెం తగ్గుతుంది. మీకూ నాకూ మిగులు ఉంది కాబట్టి తెలియదు. ఆమెకు ఆ మిగులు లేదు, ఒకే కండరాన్ని వాడుతూ పోతే గీత కిందికి జారుతుంది. కాసేపు కళ్లు మూసుకుని పడుకుంటే మళ్లీ పైకి వస్తుంది. పిరిడోస్టిగ్మిన్ ఏం చేస్తుందంటే, వదిలిన రసాయనాన్ని చెరిపేసే ఎంజైమ్‌ను ఆపి ఉన్నదాన్నే ఇంకాసేపు నిలబెడుతుంది.

ఇంకో జబ్బు ఉంది, లాంబర్ట్-ఈటన్ అని, అందులో రక్షణ వ్యవస్థ దాడి చేసేది నేరుగా నరం చివరి పి/క్యు ఛానళ్ల మీద. అక్కడ తిరకాసు, మొదట బలం ఉండదు, పిడికిలి కొన్ని సెకన్లు గట్టిగా బిగించాక కాసేపు బలం వస్తుంది, ఎందుకంటే వెంట వెంట వచ్చే కబుర్లతో లోపల కాల్షియం పోగవుతుంది. అది వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఊపిరితిత్తుల్లో ఒక రకం క్యాన్సర్ బయటపడుతుంది, ముఖ్యంగా బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు. మీ అమ్మకు ఉన్నది ఇది కాదు, పేర్లు కలగలిపి ఎవరైనా భయపెడితే నమ్మొద్దని చెప్తున్నాను.

భయపడాల్సింది ఒకదానికి ఉంది. జ్వరమొచ్చి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఏ సూది వేస్తున్నారో అడగండి. జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు నరం చివర కాల్షియం రాకను, రసాయనం వదలడాన్ని తగ్గిస్తాయి, మెగ్నీషియం ఇంజెక్షన్ కూడా అంతే. మీకూ నాకూ ఏమీ కాదు, అప్పు మీద నడుస్తున్న మనిషికి ఊపిరి ఆడకుండా పోవచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ వర్గం గోలీలతోనూ జాగ్రత్త. మయస్తీనియా ఉందని ఒక కాగితం మీద రాసి ఆమె ఫోన్ కవర్లో పెట్టండి, పళ్ల డాక్టరుకు కూడా చూపించాలి. మింగేటప్పుడు పొలమారడం, పడుకుంటే ఆయాసం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే వరంగల్ తీసుకురండి.

పనికి, ఇప్పుడప్పుడే పూర్తి రోజు కూలికి వద్దు. గోలీ పనిచేయడం మొదలవడానికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది, మూడు నాలుగు గంటలు నిలుస్తుంది, అన్నం కూడా ఆ లెక్కలోనే గోలీ వేసుకున్న ముప్పావుగంటకు పెట్టండి, నమలడం తేలిక. వేడికి ఈ జబ్బు ముదురుతుంది, చల్లదనానికి తగ్గుతుంది. వాలిన రెప్ప మీద రెండు నిమిషాలు గుడ్డలో చుట్టిన ఐస్ పెడితే రెప్ప లేవడం డాక్టర్లు పరీక్షగా కూడా చూస్తారు. డాక్టరు సరేనన్నాక కూడా చేనికి పొద్దున్నే పోయి ఎండ ఎక్కకముందే ఇంటికి వచ్చేలా చూడండి, ఎన్ని కిలోలు ఏరిందని ఎవరూ అడగకుండా ఉంటే ఇంకా మంచిది.